రోజూ నడుముకు ఉండే పిస్టల్: ఏది కొనాలి, కొన్నాక ఏం చూసుకోవాలి

మీ ప్రశ్నలో ఉన్నది ఇదీ: డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడుపుతున్నారు. ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. రాత్రి పదకొండు దాటాక షాపు మూసి, ఆ రోజు క్యాష్ తీసుకుని ఇంటికి బయల్దేరతారు. రోజంతా చొక్కా కింద కనపడకుండా ఉండే, అవసరమైన క్షణంలో మొరాయించని చిన్న సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కావాలి. బడ్జెట్ 600 డాలర్లు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఎఫ్-1 మీద చదువుకుంటున్న మీ బావమరిది ఉన్నారు. గన్ షాపులో ".380లో ఇంతకంటే చిన్నది దొరకదు" అని జేబులో పట్టే పిస్టల్ ఒకటి (.380 అంటే 9 ఎం.ఎం. కంటే బలం తక్కువున్న తూటా) చూపించారట, అది తీసుకోవచ్చా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. ఆ జేబు పిస్టల్ వద్దు. 9 ఎం.ఎం.లో గ్లాక్ 43ఎక్స్ గానీ, స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ప్లస్ గానీ, సిగ్ పీ365 ఎక్స్ఎల్ గానీ తీసుకోండి. మూడూ షూటింగ్ రేంజ్‌లో అద్దెకు దొరుకుతాయి. ఒక్కోదాంతో కనీసం ఒక బాక్సు తూటాలు కాల్చి, మీ చేతికి కుదిరిందే కొనండి. కాస్త బరువైనా పర్వాలేదు అనుకుంటే గ్లాక్ 19 ఇంకా మంచిది. 600 డాలర్లూ పిస్టల్‌కే పెట్టేయకండి. హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర), బెల్టు, సేఫ్, తూటాలు, క్లాసు అన్నీ కలిపితే 900 దాటుతుంది. ఇప్పుడు అంత వీలుకాకపోతే రెండు నెలలు ఆగి కొనండి. పిస్టల్ ఒక్కటీ కొని చౌక హోల్‌స్టర్‌లో పెట్టుకు తిరగడం కంటే అది నయం.

నేను టెక్సస్‌లో ఎల్‌టీసీ (పిస్టల్ వెంట ఉంచుకునే టెక్సస్ లైసెన్స్) క్లాసులు చెప్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మనవాళ్ళు బాగానే ఉంటారు. మోటెళ్ళు, లిక్కర్ షాపులు, గ్యాస్ స్టేషన్లు నడిపేవాళ్ళు, ఐటీలో ఉన్నవాళ్ళు. కింద రాసేదంతా వాళ్ళ చేతుల్లో ఏది పనిచేసిందో, ఏది చేయలేదో చూసి చెప్తున్నదే.

ముందు మీ ఇంటి సంగతి. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మీరు కొనవచ్చు. షాపులో ఫారం 4473 నింపుతారు, ఎఫ్‌బీఐ వాళ్ళ నిక్స్ చెక్ (నేరచరిత్ర లాంటివి చూసే తనిఖీ) జరుగుతుంది. డీలర్ దగ్గర పిస్టల్ కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. ఇంతవరకూ ఇబ్బంది లేదు. ఇబ్బంది మీ బావమరిదితో. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ ఉండటం ఫెడరల్ నేరం. 18 యూఎస్ కోడ్ 922లో ఉంది ఇది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటిని నమ్ముకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాల్సిందే. ఎందుకంటే తుపాకీ కేసు రుజువైతే జైలుతో పోదు, దేశం నుంచి పంపించేయడానికి కూడా అది కారణమవుతుంది.

మన కుర్రాళ్ళకి చాలామందికి ఈ సంగతి తెలియదు. వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్ళి, పిస్టల్ అద్దెకు తీసుకుని కాల్చి, ఇన్‌స్టాలో ఫొటో పెడతారు. రేంజ్‌లో పట్టుకున్నా పట్టుకున్నట్టే. కాబట్టి మీ బావమరిదికి సేఫ్ కోడ్ చెప్పొద్దు, తాళం ఇవ్వొద్దు. "ఒకసారి చూస్తా బావా" అంటే చేతికివ్వొద్దు. షాపు మూసే పని ఒకరోజు అతనికి అప్పగిస్తే పిస్టల్ అతనికిచ్చి వెళ్ళొద్దు. అతని కోసం మీ పేరు మీద కొనడం వేరే నేరం, ఫారంలో మొదట అడిగేదే అసలు కొనేది ఎవరని. నేను క్లాసులో మొదటి అరగంట దీనికే కేటాయిస్తాను.

ఇక పిస్టల్.

చిన్నదైనకొద్దీ ఎందుకు మొరాయిస్తుంది? తూటా పేలగానే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి దూకుతుంది, ఖాళీ ఇత్తడి గొట్టాన్ని బయటికి విసురుతుంది. మళ్ళీ ముందుకు వస్తూ మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల డబ్బా) పైన ఉన్న కొత్త తూటాని నెట్టి, గొట్టం వెనకభాగమైన చాంబర్‌లో కూర్చోబెడుతుంది. పెద్ద పిస్టల్‌లో స్లైడ్ బరువుగా ఉంటుంది, వెనక్కి వెళ్ళే దూరం ఎక్కువ. మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాని పైకి తేవడానికి వ్యవధి దొరుకుతుంది. చిన్న పిస్టల్‌లో స్లైడ్ తేలిక, దారి పొట్టి, అంచేత వేగం ఎక్కువ. దాన్ని ఆపడానికి గట్టి స్ప్రింగ్ పెట్టాలి. తూటా కాస్త బలహీనంగా ఉన్నా, స్ప్రింగ్ కాస్త అలిసినా, మణికట్టు కాస్త వదులైనా లెక్క తప్పుతుంది. పెద్ద పిస్టల్ ఇలాంటివన్నీ సర్దుకుంటుంది. బుల్లి పిస్టల్‌కి సర్దుకునే వెసులుబాటు ఉండదు.

దానికి తోడు మనిషి చెయ్యి. అతి చిన్న పిస్టల్ పట్టుకుంటే చిటికెన వేలు కింద గాల్లో వేలాడుతుంది, ఉంగరం వేలికీ సగమే ఆనుతుంది. కాల్చినప్పుడల్లా పిస్టల్ చేతిలో జారుతుంది, ప్రతి తూటాకీ మళ్ళీ సర్దుకుని పట్టుకోవాలి. నా క్లాసుకి ఒకావిడ సరిగ్గా మీకు చూపించినలాంటి .380 తోనే వచ్చారు. షాపువాళ్ళు "ఆడవాళ్ళకి ఇదే బాగుంటుంది" అని అమ్మారట. ఆవిడ స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగలేకపోయారు. నేను లాగి ఇస్తే కాల్చారు. రెండో మ్యాగజైన్‌కే బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ ఎర్రగా కమిలిపోయింది, ఏడు గజాల దూరంలో తూటాలు కాగితం నిండా చెల్లాచెదురు. .380 అంటే మెత్తగా ఉంటుందని అందరూ అనుకుంటారు. తూటా మెత్తదే, కానీ దాన్ని పట్టుకున్న పిస్టల్ తేలికైనప్పుడు ఆ తన్నంతా చేతికే తగులుతుంది. ఆవిడకి స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజీ ఇచ్చాను. దాని స్లైడ్ తేలిగ్గా వస్తుంది, వేళ్ళలో బలం తక్కువున్నవాళ్ళ కోసమే చేసింది అది. అదే రోజు, అదే మనిషి, అదే దూరంలో తూటాలన్నీ అరచెయ్యంత చోట పెట్టారు. మీ శ్రీమతి కూడా వాడతారనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. పాతది కొంటే మాత్రం సీరియల్ నంబరు కంపెనీ సైటులో సరిచూడండి. 2020లో తయారైన 9 ఎం.ఎం. షీల్డ్ ఈజీల్లో కొన్నిటిని హ్యామర్ లోపం వల్ల కంపెనీయే వెనక్కి పిలిచింది.

దాచడానికి అడ్డం వచ్చేది పిడి, గొట్టం కాదు. కొత్తవాళ్ళంతా గొట్టం పొడవు చూసి కొంటారు. గొట్టం ప్యాంటు లోపలికి పోతుంది, అర అంగుళం ఎక్కువైనా ఎవరికీ కనపడదు. పిడి మాత్రం బెల్టు పైన ఉంటుంది. మీరు కిందికి వంగి కూలర్‌లో పాల గ్యాలన్లు సర్దినప్పుడు చొక్కా మీద గూనిలా తేలేది అదే. వెనక గోడమీద సిగరెట్ కార్టన్ అందుకోవడానికి చెయ్యి పైకెత్తితే చొక్కా లేచి బయటపడేదీ అదే. సన్నగా ఉండే పిడి దాచడం తేలిక. గ్లాక్ 43ఎక్స్ పిడి పొడవులో దాదాపు గ్లాక్ 19కి దగ్గరగా ఉంటుంది, అంచేత వేళ్ళన్నీ పడతాయి. కానీ మందం 28 మిల్లీమీటర్లే, గ్లాక్ 19 మందం 34. ఈ ఆరు మిల్లీమీటర్లు కాగితం మీద చిన్నవే. పన్నెండు గంటలు కౌంటర్ వెనక నిలబడి, మధ్యమధ్య స్టూలు మీద కూర్చునేవాళ్ళకి ఆ తేడా పక్కటెముకకి తెలుస్తుంది.

బరువు కూడా చూడండి. నిండా తూటాలు వేస్తే గ్లాక్ 19 సుమారు 850 గ్రాములు, 43ఎక్స్ సుమారు 650. రెండొందల గ్రాముల తేడా. నా దగ్గర నేర్చుకున్న షాపు యజమానుల్లో గ్లాక్ 19 కొని మొదటి నెల బాగానే పెట్టుకుని, ఎండాకాలం రాగానే కౌంటర్ కింద సొరుగులో పడేసినవాళ్ళు ఉన్నారు. సొరుగులో ఉన్న పిస్టల్‌ని మీకంటే ముందు మీ దగ్గర పనిచేసే కుర్రాడో, దొంగో తీస్తాడు. అందుకే మీ పనికి మధ్య సైజు అంటున్నాను. అదే డెస్క్ ఉద్యోగం, చలికాలం జాకెట్ వేసుకునే ఊరు అయితే గ్లాక్ 19 అనేవాణ్ణి.

ఇప్పుడు ఒక్కోదాని గురించి నా అభిప్రాయం.

గ్లాక్ 19 1988 నుంచి ఉంది. 15 తూటాల మ్యాగజైన్, నాలుగు అంగుళాల గొట్టం. దీనంత ఎక్కువమంది చేతుల్లో నలిగిన కాంపాక్ట్ పిస్టల్ మరొకటి కనపడదు. ఎఫ్‌బీఐ 2016లో తీసుకున్నవాటిలో దీని రూపమే ఒకటి ఉంది. విడిభాగాలు, హోల్‌స్టర్లు, మ్యాగజైన్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. చేతికి అంత హాయిగా ఉండదు, గురిచూసే ఆ ప్లాస్టిక్ సైట్లు నాకు నచ్చవు, అయినా పనిచేస్తుంది.

43ఎక్స్ 2019లో వచ్చింది. 10 తూటాలు. దాని మ్యాగజైన్‌లో ఎక్కువ పట్టేలా వేరే కంపెనీలు స్టీలు మ్యాగజైన్లు అమ్ముతాయి. 15 పడతాయని అందరూ ఎగబడి కొంటారు. రేంజ్‌లో సరదాకి వాడుకోండి, నడుముకు పెట్టుకునే పిస్టల్‌లో మాత్రం కంపెనీ మ్యాగజైనే ఉంచండి. మొరాయించిన పిస్టళ్ళలో ఎక్కువసార్లు తప్పు మ్యాగజైన్‌దే అని నా అనుభవం.

షీల్డ్ ప్లస్ 2021ది. పది, పదమూడు తూటాల మ్యాగజైన్లతో వస్తుంది. ట్రిగ్గర్ ఈ మూడింట్లోనూ దీనిదే నాకు నచ్చుతుంది, ధర కూడా తరచూ దీనిదే తక్కువ. బొటనవేలి సేఫ్టీ (బొటనవేలితో దించితే తప్ప పేలనివ్వని మీట) ఉన్నదీ లేనిదీ రెండూ అమ్ముతారు. మీ బడ్జెట్‌లో హాయిగా ఇమిడేది ఇదే.

సిగ్ పీ365 2018లో వచ్చినప్పుడు మార్కెట్టు తలకిందులైంది. అంత చిన్న పిస్టల్‌లో పది తూటాలు పట్టడం అప్పట్లో అరుదు. కానీ ఆ మొదటి సంవత్సరం వచ్చినవాటిలో కొన్నిటికి స్ట్రైకర్ (తూటా అడుగుని కొట్టి పేల్చే పుల్ల) విరగడం లాంటి ఫిర్యాదులు వచ్చాయి. కంపెనీ సరిచేసింది, ఇప్పుడు అమ్మేవాటిమీద నాకు నమ్మకం ఉంది. దీన్నుంచి నేను పాటించేది ఒకటే: ఏ కంపెనీదైనా సరే, కొత్త మోడల్ వచ్చిన మొదటి ఏడాది కొనొద్దు. రెండేళ్ళు వేరేవాళ్ళ చేతుల్లో తిరగనివ్వండి. ఎక్స్ఎల్ అంటే అదే పిస్టల్‌కి 3.7 అంగుళాల గొట్టం, 12 తూటాల పిడి. చేతికి బాగుంటుంది, మీ బడ్జెట్‌ని మాత్రం దాదాపు అదొక్కటే తినేస్తుంది.

స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్ ప్రో, సీజెడ్ పీ-10 సీ కూడా మంచివే. మీ రేంజ్‌లో అవి ఉంటే అవీ కాల్చి చూడండి. పేరు తెలియని కంపెనీది 250 డాలర్లకి వస్తోందని మాత్రం వెళ్ళొద్దు.

షాపులో చేతికి తీసుకున్నప్పుడు ఇలా చూడండి. ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాక్ చేసి, చాంబర్‌లో కన్నుతోనూ చిటికెన వేలితోనూ ఖాళీ అని నిర్ధారించుకోండి. షాపు మనిషి చూసి ఇచ్చినా మీరు మళ్ళీ చూడండి. పిడిని ఎంత పైకి వీలైతే అంత పైకి పట్టుకోండి. గొట్టం మీ ముంజేతి ఎముకకి సూటిగా ఉండాలి. చూపుడు వేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీదికి తేలిగ్గా రావాలి, వేలికొన మాత్రమే అందుతోంది అంటే పిడి మీకు లావు. చిటికెన వేలికి చోటుండాలి. మ్యాగజైన్ వదిలే బొత్తాం పట్టు సడలించకుండా అందుతుందో లేదో చూడండి. ఈ కొలతల్లో మన చేతులు చాలావరకు మధ్యరకం, అందుకే పైన చెప్పిన సన్నవి మనవాళ్ళకి ఎక్కువగా కుదురుతాయి.

తూటా విషయం తేల్చేస్తాను. 9 ఎం.ఎం. తీసుకోండి, .40 వద్దు, .45 వద్దు. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఒక 9 ఎం.ఎం. తూటా దుండగుడి గుండెదాకా వెళ్ళకుండా ఆగిపోయింది. ఆ తర్వాతే ఎఫ్‌బీఐ ప్రత్యేకమైన జెల్లీలో తూటా 12 నుంచి 18 అంగుళాలు దిగాలనే ప్రమాణం పెట్టుకుంది, కొన్నాళ్ళకి పెద్ద తూటాలకి మారింది. ఈలోగా 9 ఎం.ఎం. తూటాల తయారీ ఎంతో మెరుగైంది, ఎఫ్‌బీఐ కూడా మళ్ళీ 9 ఎం.ఎం.కే వచ్చింది. తక్కువ తన్నుతుంది, ఎక్కువ పడతాయి, చౌక. సాధనకి మామూలు రాగి తొడుగు తూటాలు, నడుముకు పెట్టుకునేటప్పుడు హాలో పాయింట్ (ముక్కు దగ్గర బోలుగా ఉండే తూటా). ఫెడరల్ హెచ్ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్ అనే బ్రాండ్లు రెండూ నేను చెప్తాను. హాలో పాయింట్ ఎందుకంటే అది లోపల విచ్చుకుని ఆగుతుంది, మామూలు తూటా మనిషిని దాటి వెనక ఉన్న కస్టమర్‌కి తగలొచ్చు. మీ షాపులో చిప్స్ ర్యాకుల వెనక ఎవరున్నారో మీకు కనపడదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఏ బ్రాండు ఎంత నమ్మకమైనదో ఇంటర్నెట్ చెప్తుంది, మీ చేతికొచ్చిన ఆ ఒక్క పిస్టల్ పనిచేస్తుందో లేదో మీరే చూడాలి. కొన్న రోజే నడుముకు పెట్టొద్దు. మ్యాగజైన్ల అడుగున రంగు పెన్నుతో 1, 2, 3 అని రాసుకోండి. మామూలు తూటాలు రెండొందల నుంచి మూడొందలు కాల్చండి, అన్ని మ్యాగజైన్లలోంచీ. మధ్యలో శుభ్రం చేయొద్దు. కొన్ని కుడిచేత్తో ఒక్కచేత్తోనే, కొన్ని ఎడమచేత్తో కాల్చండి. రాత్రి మీ ఇంకో చేతిలో క్యాష్ బ్యాగు ఉంటుంది కదా. చివర్లో మీరు రోజూ పెట్టుకోబోయే హాలో పాయింట్ కనీసం యాభై. ఖరీదు బాగానే అవుతుంది. అయినా వాటి మూతి ఆకారం వేరు కాబట్టి మామూలు తూటా తీసుకున్న పిస్టల్ దీన్ని తీసుకుంటుందన్న హామీ లేదు.

ఎక్కడైనా ఆగితే ఆ క్షణంలో కదిలించకుండా చూడండి. ఖాళీ ఇత్తడి గొట్టం స్లైడ్ సందులో పొయ్యిగొట్టంలా నిలబడి ఉందా? కొత్త తూటా ముక్కు చాంబర్ అంచుకి గుచ్చుకుని ఆగిందా? ఏ నంబరు మ్యాగజైన్? ఒకే మ్యాగజైన్‌తో రెండుసార్లు ఆగితే ఆ మ్యాగజైన్ పారేయండి. అన్నిటితోనూ ఆగుతుంటే మీరు పట్టుకున్నప్పుడే ఆగుతోందా, ఇన్‌స్ట్రక్టర్ పట్టుకున్నా ఆగుతోందా చూడండి. మోటెల్ నడిపే ఒకాయన తన కొత్త పిస్టల్ చెడ్డదని తిరిగి ఇచ్చేయబోయారు. ప్రతి మ్యాగజైన్‌లో ఒకటో రెండో ఆగుతున్నాయి. నేను కాలిస్తే ఒక్కటీ ఆగలేదు. ఆయన మణికట్టు తూటా పేలిన క్షణంలో వెనక్కి వంగుతోంది, స్లైడ్‌కి ఆనిక దొరక్క సగం దూరమే వెళ్తోంది. మోచేతులు కాస్త బిగించి, ఎడమ అరచేత్తో పిడిని గట్టిగా పిండేలా పట్టిస్తే సరిపోయింది. మీ చెయ్యి కూడా ఆ యంత్రంలో ఒక భాగమే. మీ చెయ్యీ సరే, మ్యాగజైనూ సరే, తూటాలూ మంచివే, అయినా ఆగుతోందంటే కంపెనీకి పంపండి. తిరిగొచ్చాక మళ్ళీ మొదటినుంచీ పరీక్ష.

ఆగినప్పుడు చేయాల్సింది ఆలోచించకుండా చేతికి రావాలి: మ్యాగజైన్ అడుగున అరచేత్తో గట్టిగా తట్టడం, స్లైడ్ పూర్తిగా లాగి వదిలేయడం. ఉత్తుత్తి ప్లాస్టిక్ తూటాలు దొరుకుతాయి, అసలు తూటాల మధ్య వేరేవాళ్ళ చేత కలిపించి సాధన చేయండి.

చాంబర్‌లో తూటా ఉంచాలా? మనవాళ్ళలో దాదాపు అందరూ అడుగుతారు, భయం సహజం. ఉంచాలి. గ్లాక్ 19లోనూ, నేను కొనమన్న ఆ మూడింట్లోనూ ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప స్ట్రైకర్ ముందుకు పోకుండా లోపల అడ్డు ఉంటుంది. దాడి జరిగేది చెయ్యి చాచినంత దూరంలో, స్లైడ్ లాగడానికి రెండో చెయ్యి ఖాళీ ఉండకపోవచ్చు. అయినా మనసు ఒప్పుకోకపోతే బొటనవేలి సేఫ్టీ ఉన్న షీల్డ్ ప్లస్ తీసుకోండి, కానీ ప్రతి సాధనలోనూ ఆ సేఫ్టీ దించి కాల్చండి. వాడని సేఫ్టీ కంగారులో గుర్తు రాదు.

చాంబర్‌లో తూటా ఉన్నప్పుడు మిమ్మల్ని కాపాడేది హోల్‌స్టర్. అందుకే హోల్‌స్టర్ మీద పిసినారితనం వద్దు. ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసే, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌ది, మీ మోడల్‌కే చేసింది తీసుకోండి. 60 నుంచి 100 డాలర్లు అవుతుంది. పదిహేను డాలర్ల మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ వాడగా వాడగా మూతి మడతపడుతుంది, ఆ మడత ట్రిగ్గర్ సందులోకి దూరుతుంది, పిస్టల్ లోపలికి నెడితే అదే వేలిలా నొక్కుతుంది. జాకెట్ కింద వేలాడే తాడు, దాని చివర ప్లాస్టిక్ గుండీ కూడా అదే పని చేస్తాయి. తీసేటప్పుడు వేగం కావాలి గానీ తిరిగి పెట్టేటప్పుడు తొందర అక్కర్లేదు: చొక్కా పూర్తిగా పక్కకి లాగి, హోల్‌స్టర్‌లోకి కళ్ళతో చూస్తూ, వేలు స్లైడ్ పక్కన చాచి నెమ్మదిగా పెట్టండి. బెల్టు కూడా దీనికోసమే చేసిన బిగువైనది కావాలి, మామూలు తోలుబెల్టు సాయంత్రానికి జారుతుంది.

పిల్లలు. బీరువా పైన, బట్టల మధ్య, దిండు కింద, ఇవేవీ దాచడం కాదు. పిల్లలకి మీ ఇల్లు మీకంటే బాగా తెలుసు. బొత్తాలు నొక్కితే తెరుచుకునే చిన్న స్టీలు సేఫ్ మంచానికో గోడకో బిగించండి. టెక్సస్‌లో నిర్లక్ష్యంగా వదిలేసిన తూటాలున్న తుపాకీ 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందితే అది నేరం కూడా. ఇంటికి రాగానే పిస్టల్‌ని హోల్‌స్టర్‌తో సహా బెల్టు నుంచి తీసి అలాగే సేఫ్‌లో పెట్టేయండి. చాలామంది పిల్లలున్నారని రోజూ రాత్రి చాంబర్‌లో తూటా తీసి, పొద్దున్నే అదే తూటా మళ్ళీ ఎక్కిస్తారు. దానివల్ల రెండు నష్టాలు. ప్రతిసారీ చేతిలోకి తీసుకోవడం ప్రమాదం పెంచుతుంది. రెండోది, అదే తూటా ముక్కు రోజూ చాంబర్ అంచుకి కొట్టుకుని మెల్లగా ఇత్తడి గొట్టం లోపలికి దిగబడుతుంది, లోపల ఒత్తిడి పెరిగి పిస్టల్ పగిలే ప్రమాదం ఉంది. కొత్త తూటా పక్కన దాన్ని నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే పక్కన పడేయండి.

టెక్సస్ ఎండకి చెమట ఊరుతుంది, స్లైడ్ మీద సన్నటి తుప్పు పడుతుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, నెలకోసారి విప్పి దూది, దుమ్ము తీసి, నాలుగు చుక్కల నూనె వేయండి. చిన్న పిస్టళ్ళ రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని తిరిగి ముందుకు నెట్టేది) పెద్దవాటికంటే త్వరగా అలుస్తుంది, ఎన్ని తూటాలకి మార్చాలో మీ మోడల్ మాన్యువల్‌లో చూసి మార్చండి.

ఇక మీరు అడగనిది ఒకటి. మీ అసలు ప్రమాదం రోజూ ఒకే వేళకి, ఒకే తలుపులోంచి, ఒక్కరే, చేతిలో క్యాష్‌తో రావడం. పిస్టల్ ఆ అలవాటుని సరిచేయదు. డబ్బు పైనుంచి వేసే డ్రాప్ సేఫ్ పెట్టించండి, బ్యాంకుకి పగటిపూట వేర్వేరు వేళల్లో వెళ్ళండి, మూసేటప్పుడు ఇద్దరుండేలా చూడండి, పార్కింగ్ దీపాలు మార్పించండి. ఎవడైనా కౌంటర్ దగ్గరికొచ్చి గల్లా ఖాళీ చేయమంటే ఇచ్చేయండి. మన షాపుల్లో ఎంతమంది కుర్రాళ్ళు గల్లాలో ఉన్న కొద్దిపాటి డబ్బు కోసం ప్రాణాలు పోగొట్టుకున్నారో మీకూ తెలుసు, ఆ శవపేటికలు ఇండియాకి పంపడానికి చందాలు పోగేసినవాళ్ళలో మీరూ నేనూ ఉన్నాం. డబ్బు ఇచ్చాక కూడా ప్రాణం తీయబోతున్నాడు, తప్పుకునే దారి లేదు అన్నప్పటి కోసం ఆ పిస్టల్.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 దాటి, చట్టం అడ్డు లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అయినా ఎల్‌టీసీ తీసుకోండి. క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు, మూడు, ఏడు, పదిహేను గజాల్లో యాభై తూటాలు, 250కి 175 రావాలి. చట్టం తెలుస్తుంది, స్కూళ్ళ దగ్గర రోడ్డుమీద వెళ్ళేటప్పుడు ఫెడరల్ చట్టం ఇబ్బంది తగ్గుతుంది, చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, ఇల్లినాయిస్‌లో చెల్లదు, చుట్టాలింటికి కారులో వెళ్ళేటప్పుడు మరిచిపోవద్దు. పోస్టాఫీసు, కోర్టు, స్కూలు, 51 శాతం బోర్డు (రాబడిలో సగానికి పైగా మద్యం మీదే అని చెప్పేది) ఉన్న బార్లు, ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ దాటాక, ఎక్కడా తీసుకెళ్ళకూడదు. గుళ్ళో 30.06, 30.07 బోర్డు (తుపాకీతో లోపలికి రావొద్దని చెప్పేది) ఉందేమో గుమ్మం దగ్గర చూడండి. ఉంటే లోపలికి వద్దు. అసలు కుర్తా పైజామా వేసుకున్న రోజు బెల్టే ఉండదు, ఆరోజు పిస్టల్ ఇంట్లో సేఫ్‌లో వదిలేసి వెళ్ళడమే నయం. కార్లో గ్లవ్ బాక్సులో వదలొద్దు. తప్పనిసరైతే సీటు కింద కేబుల్‌తో కట్టే లాక్ బాక్సు కొనండి.

ఇండియా ప్రయాణం గురించి ఒక హెచ్చరిక. రేంజ్‌కి వాడే బ్యాగుని ఏ ప్రయాణానికీ వాడొద్దు, రేంజ్‌కి వేసుకెళ్ళిన జాకెట్ జేబులు కూడా ప్యాకింగ్ ముందు తడిమి చూడండి. అడుగున కుట్టు సందులో దాగిన ఒక్క తూటా అమెరికా స్కానర్‌కి దొరక్కపోవచ్చు, శంషాబాద్‌లో దొరకొచ్చు. లైసెన్స్ లేకుండా తూటా దగ్గర ఉంటే 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. 9 ఎం.ఎం. అక్కడ నిషిద్ధ బోర్ (మామూలు పౌరులకి లైసెన్స్ ఇవ్వని తూటా సైజు) కాబట్టి ఇంకా కష్టం. పాస్‌పోర్టు, తిరుగు టికెట్, సెలవులు అన్నీ ఆ కేసులో ఇరుక్కుంటాయి. రేంజ్ బ్యాగు మీద పెద్ద అక్షరాలతో "విమానానికి కాదు" అని రాసి పెట్టుకోమని మా క్లాసులో చెప్తాను.

మూడూ కాల్చి చూశాక ఏది చేతికి కుదిరిందో, ఎక్కడైనా ఆగిందేమో ఇక్కడే రాయండి. ఎడమచేతివాటం అయితే అది కూడా చెప్పండి, హోల్‌స్టర్, మ్యాగజైన్ బొత్తాం విషయంలో కొన్ని మారతాయి.